బిరుదుకు ముందు హద్దు

అర్హత లేకుండా సూది వేస్తే నేరం, మందు చీటీ రాసినా నేరం. అదే ఒక మనిషి మెడను రెండు చేతులా పట్టి ఒక్క కుదుపుతో పక్కకు తిప్పితే, ప్రాణం మీదికి వచ్చేదాకా అడిగేవాడు లేడు. వైద్యమండలి తనిఖీలు, ఆర్‌ఎంపీల మీద కేసులు, వాళ్ల సంఘాల ధర్నాలు ఉత్తర తెలంగాణలో తరచూ వార్తలవుతున్నాయి. ఆ గొడవంతా సెలైన్లు, యాంటీబయాటిక్‌ల చుట్టూనే తిరుగుతోంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. అయితే ఆ చట్టం లెక్కలో వైద్యమంటే ఆధునిక వైద్యం, శస్త్రచికిత్సా ప్రసూతీ కలుపుకొని దాని శాఖలన్నీ. మందు ముట్టకుండా, కత్తి పట్టకుండా చేతులతోనే వెన్ను సరిచేస్తామనేవాళ్లు ఇందులోకి వస్తారా రారా అని వాదించడానికి వకీళ్లకు కావలసినంత సందు ఉంది. ఆ సందులోకే ఇప్పుడు కైరోప్రాక్టిక్ వచ్చి చేరుతోంది. మెడకు తువ్వాలు చుట్టి లాగడం, టక్కుమన్న చప్పుడు, మరు నిమిషంలో నవ్వుతూ లేచి కూర్చునే రోగి: ఈ వీడియోలు చూడని ఫోను ఇవాళ ఆసిఫాబాద్ ఏజెన్సీలో కూడా ఉండకపోవచ్చు. ఈ వృత్తికి చట్టబద్ధత కావాలని అడిగేవాళ్లున్నారు, గడప తొక్కనివ్వొద్దని అనేవాళ్లూ ఉన్నారు. చట్టం కావాలనే ఈ వ్యాసం వాదిస్తుంది, కానీ అడిగేవాళ్లు చెబుతున్న కారణానికి కాదు. చట్టంతో ముందు రావలసింది హద్దు. గుర్తింపు, గౌరవం ఆ వెనక నడిచి వస్తాయి.

ఈ ప్రాంతంలో వెన్నునొప్పిని జబ్బుల చిట్టాలో వెతికితే దొరకదు, పనుల చిట్టాలో వెతకాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చేసే ఆడవాళ్లు పొద్దున కూర్చుంటే మళ్లీ లేచేది వంటకే. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూలకు తంబాకు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేదాకా మెడ వంగే ఉంటుంది. లెక్క వేలల్లో నడిచే పని కాబట్టి మెడ ఎత్తితే కూలి తగ్గుతుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య షిఫ్టంతా నిలబడి తెగిన పోగుల కోసం వంగుతూ లేచే కార్మికుడిది ఇంకో రకం బాధ. శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండం బొగ్గుగనుల్లో భూగర్భంలో వంగి నడిచిన తరం నడుములు పోగొట్టుకుంటే, ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే తరం గంటల తరబడి కుదుపులో కూర్చుని అదే చోటికి చేరుతోంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఏరే కూలీల సంగతి, గల్ఫ్ నుంచి ఎముకలు అరగదీసుకుని వచ్చినవాళ్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుమునొప్పితో ఉన్నారు. అందులో మన వాటా ఎంతో లెక్కలు తీసినవాళ్లు కనబడరు. బొగ్గు ఎన్ని టన్నులు వచ్చిందో మాత్రం పొద్దుటి షిఫ్టు దిగేసరికి తేలిపోతుంది.

నొప్పి వచ్చినవాళ్లు ఎక్కడికి పోతున్నారన్నది అసలు ప్రశ్న. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన నొప్పిసూది వేస్తాడు, తగ్గకపోతే దానికి స్టెరాయిడ్ తోడవుతుంది. ఏళ్ల తరబడి సాగితే మూత్రపిండాల దాకా పోయే వైద్యం అది. నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం ఇంకా పోలేదు. క్షౌరశాలలో తల మర్దన చేసి చివరికి మెడ విరవడం సేవలో భాగమే. చెయ్యో కాలో విరిగితే పుత్తూరు కట్టు బోర్డు ఉన్న చోటికి పోతారు. పట్టణానికి పోయే స్తోమత ఉన్నవాళ్లకు ఫిజియోథెరపిస్టు దొరుకుతాడు. ఈ వరుసలో చివరికి వచ్చి చేరినవాడు కైరోప్రాక్టర్. వీళ్లలో కొందరు విదేశాల్లో ఏళ్లపాటు చదివివచ్చినవాళ్లు, కొందరు ఫిజియోథెరపీ చదివి పైన ఏదో శిక్షణ పొందినవాళ్లు, కొందరు వారాంతపు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకున్నవాళ్లు. రోగికి ఈ ముగ్గురి మధ్య తేడా తెలిసే మార్గమేదీ లేదు. గోడ మీది ఫ్రేములన్నీ ఒకే రకంగా మెరుస్తాయి.

ఇలా చేతులతో వెన్నును కదిపే చికిత్స పూర్తిగా బూటకమైతే నిషేధించి ఊరుకోవచ్చు. కానీ ఆధారాలు అంత సులువైన తీర్పు ఇవ్వడం లేదు. దీర్ఘకాలిక నడుమునొప్పి మీద జరిగిన 47 పరీక్షలను కలిపి చూసి 2019లో బీఎంజే ప్రచురించిన సమీక్ష, ఈ చికిత్స మిగతా సిఫారసు చేసే చికిత్సలకు దాదాపు సమానంగా పనిచేస్తుందని తేల్చింది. అంటే అద్భుతం కాదు, శూన్యమూ కాదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామం, మర్దన లాంటివాటితో పాటు దీన్ని కూడా చెయ్యదగినవాటిలో చేర్చాయి. చెయ్యకూడనివాటిలో ఏమున్నాయో కూడా చూడాలి: నడుము బెల్టు, ట్రాక్షన్, ఓపియాయిడ్ మందులు. కరీంనగర్‌లో ఏ మందుల షాపులో అడిగినా నిమిషంలో దొరికే నడుము బెల్టు ఈ రెండో జాబితాలో ఉంది. అర్హత ఉన్నవాళ్ల చీటీల మీద కూడా ఆ బెల్టు రాసి కనిపిస్తుంది కాబట్టి, శాస్త్రీయత ఒక్కరి సొత్తని ఎవరూ గుండెలు చరుచుకోనక్కర లేదు.

అలాగని నడుముకు చెప్పిన మాట మెడకు వర్తించదు. వెన్ను పైభాగంలో మెదడుకు రక్తం మోసే ధమనులు ఎముకల రంధ్రాల గుండా పోతాయి. హఠాత్తుగా మెడ తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చీలితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదు, కానీ కల్పన కాదు. 2024లో బళ్లారిలో మంగలి దుకాణంలో మెడ తిప్పించుకున్న ముప్పై ఏళ్ల యువకుడికి పక్షవాతం వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లు, వెన్నులో క్షయ ఉన్నవాళ్లు, క్యాన్సర్ వెన్నుకు పాకినవాళ్లు కూడా మొదట చెప్పేది నడుమునొప్పి అనే. వెన్ను క్షయ మన దగ్గర అంత అరుదేమీ కాదు. అందువల్ల ఈ వృత్తిలో చెయ్యి తిప్పడం కంటే చెయ్యి ఆపడం తెలియడం కష్టం. రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి, సన్నగిల్లిపోతున్న ఒళ్లు, కాళ్లలో తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం చూసి ఈ రోగి నా దగ్గర ఉండకూడదని గుర్తించగలగాలి. వీడియోల్లో చప్పుడు వినిపిస్తుంది గాని, వెనక్కి పంపిన రోగి కనిపించడు.

కైరోప్రాక్టిక్ పుట్టింది అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో, 1895లో. డి.డి. పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు మొదలుపెట్టాడు. దాదాపు జబ్బులన్నిటికీ మూలం వెన్నుపూసలు జరగడమేనన్న ఆయన సిద్ధాంతం ఇవాళ నిలబడదు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో ఆయన్ని జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో షెగెటారో మోరికుబో అనే జపాన్ సంతతి కైరోప్రాక్టర్ మీద కేసు నడిచింది. టామ్ మోరిస్ అనే వకీలు చేసిన వాదన సూటిగా ఉంది: ఇతను మందు ఇవ్వలేదు, కత్తి పట్టలేదు, ఇది వైద్యం కాదు, వేరే విద్య. జ్యూరీ ఒప్పుకుంది. మన 34వ సెక్షన్‌లో ఇవాళ కనిపించే సందు, ఆనాడు లా క్రాస్‌లో బయటపడిన సందు ఒకటే. ఆ వాదనే తరవాత ఉద్యమమైంది. జరిమానా కట్టకుండా జైలుకు పోవడాన్ని కాలిఫోర్నియాలో గౌరవంగా భావించారు, 1922లో అక్కడ ప్రజల ఓటుతోనే చట్టం తెచ్చుకున్నారు. 1913లో కాన్సస్ మొదటగా చట్టం చేస్తే, 1974లో లూసియానా చిట్టచివరగా చేసింది. అంటే అరవై ఏళ్లు పట్టింది. ఈ అరవై ఏళ్లలో వాళ్లను గెలిపించింది ప్రయోగశాల కాదు, సంఘటిత శక్తి, ఓటు, రోగుల ఆదరణ. మన ఆర్‌ఎంపీ సంఘాలకు ఈ కథ చెబితే తమ కథే అనుకుంటారు.

మోరికుబో గెలుపులో ఒక చిక్కు ఉంది. ఇది వైద్యం కాదని తేల్చితే చేసేవాడు జైలు తప్పించుకుంటాడు, కానీ వైద్యానికి ఉండే బాధ్యత కూడా తప్పించుకుంటాడు. అమెరికా రాష్ట్రాలు చివరికి లైసెన్సులు ఇచ్చింది ఈ చిక్కు విప్పడానికే. చదువు, పరీక్ష, బోర్డు, ఫిర్యాదు వచ్చాయి. ఇంకోపక్క అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కైరోప్రాక్టిక్‌ను అణచడానికి 1963లో ఒక కమిటీనే వేసింది. దాని మీద చెస్టర్ విల్క్ మరికొందరు 1976లో కోర్టుకెక్కారు. పోటీ చట్టాన్ని వైద్యుల సంఘం ఉల్లంఘించిందని 1987లో న్యాయమూర్తి సుసాన్ గెట్జెన్‌డానర్ తీర్పు ఇచ్చారు, 1990లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఈ తీర్పును తమ వైద్యానికి దొరికిన శాస్త్రీయ ముద్రగా ప్రచారం చేసుకునేవాళ్లున్నారు. అది సరికాదు. ఒక వృత్తి సంఘం ఇంకో వృత్తిని కూడబలుక్కుని వెలివేయడం తప్పని మాత్రమే కోర్టు అంది, ఆ వైద్యం పనిచేస్తుందా లేదా అన్న జోలికి పోలేదు. చట్టం ముందు నిలబడే హక్కు వేరు, రోగం తగ్గించే శక్తి వేరు. మన దగ్గర వాదించేవాళ్లు ఈ రెంటినీ తెలిసో తెలియకో కలిపేస్తున్నారు.

చట్టం హద్దుగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే బ్రిటన్‌ను చూడాలి. అక్కడ 1994లో కైరోప్రాక్టర్ల చట్టం వచ్చింది, దాని కింద జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ ఏర్పడింది. రిజిస్టరులో లేనివాళ్లు ఆ పేరు పెట్టుకుంటే నేరం. 2008లో సైమన్ సింగ్ అనే సైన్సు రచయిత, పసిపిల్లల కడుపునొప్పి, ఉబ్బసం లాంటివి వెన్ను సరిచేసి తగ్గిస్తామని కొందరు చెప్పుకోవడాన్ని గార్డియన్ పత్రికలో విమర్శించాడు. బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ పరువునష్టం దావా వేసి, 2010లో వెనక్కి తీసుకుంది. దావా నడుస్తుండగానే, అలాంటి ప్రకటనలు చేసిన వందలాది కైరోప్రాక్టర్ల మీద కౌన్సిల్‌కు ఫిర్యాదులు వెళ్లాయి. చాలామంది తమ ప్రకటనలు మార్చుకోక తప్పలేదు. రిజిస్టరు ఉంది కాబట్టి ఫిర్యాదుకు చిరునామా ఉంది. ఆస్ట్రేలియాలో పసివాడి వెన్ను మీద చికిత్స చేస్తున్న వీడియో గగ్గోలు పుట్టిస్తే, 2019లో అక్కడి కైరోప్రాక్టిక్ బోర్డే రెండేళ్లలోపు పిల్లల వెన్నును అలా తిప్పొద్దని తన సభ్యులకు చెప్పింది. అలాంటి వీడియో మన దగ్గర బయటికొస్తే ఎవరికి రాయాలి? వైద్యమండలి మా పరిధి కాదంటుంది, ఆయుష్ శాఖ మా పద్ధతి కాదంటుంది. పోలీసులు దెబ్బ తగిలిందా అని అడుగుతారు.

పోలీసుల ప్రశ్నలో తప్పు లేదు. ప్రస్తుత చట్టాల్లో దెబ్బ తగిలాకే పని మొదలవుతుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే రిజిస్టరైన వైద్యుడికి రెండేళ్ల దాకా, మిగతావాళ్లకు ఐదేళ్ల దాకా శిక్ష చెబుతుంది. వినియోగదారుల కమిషన్ పరిహారం ఇప్పించగలదు. బీడీలు చేసే మనిషికి, మంచం పట్టిన తరవాత కమిషన్ మెట్లెక్కమని చెప్పడం న్యాయమెలా అవుతుంది? మెడ మీద చెయ్యి వేయకముందే ఆ చెయ్యికి ఎన్ని గంటల శిక్షణ ఉందో తేల్చే చట్టం కావాలి. అలాంటి చట్టం మన దేశంలో ఇప్పటికే ఉంది.

ఫిజియోథెరపిస్టులు, టెక్నీషియన్లు దశాబ్దాలు కొట్లాడి తెచ్చుకున్న చట్టం అది. 2007లో పారామెడికల్, ఫిజియోథెరపీ కేంద్ర మండళ్ల బిల్లు పార్లమెంటుకు వచ్చి, మురిగిపోయింది. 2018 చివర్లో ఇంకో బిల్లు, 2020లో మరో బిల్లు. చివరికి 2021 మార్చిలో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పాసైంది. ఆరోగ్య సంరక్షణ వృత్తినిపుణుడు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటల చదువు ఉండాలని, అనుబంధ వృత్తికైతే రెండు నుంచి నాలుగేళ్లలో 2000 గంటలని అందులో రాశారు. పది విభాగాల షెడ్యూలులో ఫిజియోథెరపీకి సొంతంగా ఒక విభాగం ఉంది. కైరోప్రాక్టిక్ పేరు లేదు. రాష్ట్రాలన్నీ మండళ్లు వేసి రిజిస్టర్లు తెరవాలి. మూడేళ్లు గడిచినా పని నత్తనడక నడుస్తోందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. మండలి జీవోలో ఏర్పడటం ఒకటి, దాని రిజిస్టరు కాగజ్‌నగర్‌లోని రెండు గదుల క్లినిక్ దాకా చేరడం ఇంకొకటి.

ఈ ఆలస్యం విలువ తెలియాలంటే పెన్‌గంగ దాటితే చాలు. మహారాష్ట్ర ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకు తన సొంత మండలి చట్టాన్ని 2004లోనే తెచ్చుకుంది. ఢిల్లీ అంతకుముందే, 1997లో చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫిజియోథెరపిస్టులకు అలాంటి ప్రత్యేక మండలి రాలేదు. ఫలితంగా యవత్మాల్‌లో ఫిజియోథెరపిస్టుకు రెండు దశాబ్దాలుగా రిజిస్ట్రేషన్ నంబరుంటే, సుమారు వంద కిలోమీటర్ల ఇవతల ఆదిలాబాద్‌లో అదే చదువు చదివినవాడికి అలాంటి ప్రత్యేక మండలి నంబరు దొరకలేదు. పెద్ద వైద్యానికి ఆదిలాబాద్ జనం యవత్మాల్, నాగ్‌పూర్ బస్సెక్కడం మామూలే. నది ఆ ఒడ్డున రోగికి ఉన్న రక్షణ ఈ ఒడ్డున లేకపోవడానికి చూపగల కారణమేదీ కనిపించదు.

ఇంత పని మిగిలి ఉండగా మన చర్చలు ఎక్కడ తిరుగుతున్నాయి? 2025లో కొత్త ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళిక పేరుకు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చంది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ వద్దని లేఖ రాసింది, మర్నాడే ఆ లేఖను వెనక్కి తీసుకుంది. రెండు పక్షాలూ బల్లలు గుద్దాయి. ఆర్‌ఎంపీల ఉద్యమానిదీ ఇదే దారి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో జీవో 428తో శిక్షణ మొదలైంది, సగంలో ఆగింది, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ నంబరు మళ్లీ వినిపిస్తుంది. శిక్షణలో ఏం నేర్పాలి, తరవాత ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నవి పక్కకు పోయి, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారన్నదే మిగిలింది. ఓటు ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ హామీ ఇవ్వడం నాయకులకు తేలిక, దానికి హద్దు రాయడం కష్టం. కైరోప్రాక్టిక్ తరఫున అడిగేవాళ్లు కూడా ఈ బాటే పడితే, నాలుగు వినతిపత్రాలు, రెండు సన్మానాలు, ఒక మేనిఫెస్టో లైను దక్కుతాయి. రోగికి దక్కేదేమీ ఉండదు.

వైద్యుల సంఘాల అభ్యంతరం తేలిగ్గా తీసేయదగింది కాదు. షెడ్యూలులో పేరు చేర్చితే దొంగ సిద్ధాంతానికి ప్రభుత్వ ముద్ర పడుతుందని, రేపు ఉబ్బసానికి కూడా మెడ విరుస్తారని వాళ్లు అంటారు. ఆ భయానికి ఆధారం ఉంది, పైన చెప్పిన బ్రిటన్ ఉదంతమే సాక్ష్యం. కానీ అదే ఉదంతం మందునూ చూపిస్తోంది. కండరాలు, కీళ్లు, వెన్నునొప్పి వరకే పని అని చట్టంలో రాసి, దాటితే పేరు కొట్టేసే అధికారం మండలికి ఇస్తే సిద్ధాంతం గోల మండలి గడప దాటదు. రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం: ముద్ర లేకపోయినా వ్యాపారం ఆగలేదు, హద్దు మాత్రమే లేదు. చదువు గంటల విషయంలో కూడా భయపడాల్సింది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే పూర్తిస్థాయి కైరోప్రాక్టిక్ చదువుకు నాలుగేళ్లలో కనీసం 4200 గంటలు, అందులో 1000 గంటలు పర్యవేక్షణలో రోగుల దగ్గర పనిచేయాలని చెప్పింది. మన చట్టం అడిగే 3600 కంటే అది ఎక్కువ. ఆ కొలత పెడితే విదేశాల్లో చదివినవాళ్లు నిలబడతారు. ఫిజియోథెరపిస్టులు తమ చదువులో ఎంత భాగం లెక్కకొస్తుందో చూసుకుని మిగతాది పూర్తి చేస్తారు. వారాంతపు సర్టిఫికెట్లు వాటంతటవే రాలిపోతాయి.

ఎముకల కట్లు కట్టే కుటుంబాలు, ఏజెన్సీ నాటువైద్యులు అడిగేది ఇంకొకటి: తాతల నాటి విద్యకు కాగితం ఏమిటని. దీని మీద సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్‌లో కేరళ పారంపర్య వైద్యుల కేసులో స్పష్టంగానే చెప్పింది. గుర్తింపు పొందిన అర్హత లేకుండా, వంశపారంపర్యమన్న కారణంతో వైద్యం చేస్తామంటే కుదరదంది. తీర్పు కఠినమే, కాని చట్టం దారి అది. ఉట్నూరు, జైనూరు వైపు ఆకుపసరు వైద్యాన్ని ఒక్క కలంపోటుతో నేరం చేస్తే జనం దాన్ని మానరు, చాటుగా చేస్తారు. వాళ్ల విషయంలో మొదటి మెట్టు శిక్ష కానక్కర లేదు. ఫలానా గుర్తులు కనిపిస్తే కట్టు కట్టొద్దు, మెడ ముట్టొద్దు, ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రికి పంపాలి అన్న నాలుగు నియమాలు గోండి, తెలుగు, మరాఠీల్లో చేరవేయడంతో మొదలుపెట్టవచ్చు. పంపినప్పుడు ఆసుపత్రిలో ఆ రోగిని తిట్టకుండా చూసుకోవడం కూడా అందులో భాగమే. ఎందుకిన్నాళ్లు ఆగావని కసురుకునే చోటికి రెండోసారి ఎవరూ రారు.

ఇంత పేదరికంలో ఈ నియమాలన్నీ ఉన్నవాళ్ల ముచ్చట, ఊళ్లో అందుబాటులో ఉన్నది ఆర్‌ఎంపీ సూది మాత్రమే అనే అభ్యంతరానికి జవాబు చట్టంలో సగమే ఉంది. మిగతా సగం ప్రభుత్వ కొలువుల్లో ఉంది. 2022, 2023ల్లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో వరసగా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. భవనాలు లేచాయి, సీట్లు నిండాయి. బీడీ కార్మికురాలికి మెడ వ్యాయామం నేర్పే మనిషి మాత్రం మండల కేంద్రంలో దొరకడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వారంలో నిర్ణీత రోజుల్లో వస్తాడు. అదే పద్ధతిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారానికి ఒక రోజు పంపడం రాష్ట్రం తలచుకుంటే కానిది కాదు. రిజిస్టరు లేకపోతే ఎవరిని పంపాలో, ఎవరు వచ్చారో తెలియదు. కొలువు లేకపోతే రిజిస్టరు నగరాల్లోనే నిండిపోతుంది. రెండూ కలిసి కదలాలి.

కాబట్టి కైరోప్రాక్టిక్‌కు చట్టం కోరేవాళ్లు ఢిల్లీకి పట్టుకుపోవాల్సిన అర్జీలో బిరుదు మాట చివర ఉండాలి. షెడ్యూలులో కొత్త వృత్తిని చేర్చే వీలు 2021 చట్టంలోనే ఉంది, కాబట్టి కొత్త చట్టం అడగనక్కర లేదు. చదువు గంటలు, పసిపిల్లల వెన్ను ముట్టకూడదన్న నిషేధం, మెడ మీద చెయ్యి వేసే ముందు అడగాల్సిన ప్రశ్నలు, రాతపూర్వక అనుమతి, జరిగిన హానిని నమోదు చేసే పద్ధతి, ప్రకటనల మీద కట్టడి అందులో మొదటి పేజీలో ఉంటే, వైద్యుల సంఘాలు కూడా చదవకుండా చింపేయలేవు. రాష్ట్రం చెయ్యాల్సింది ఇంతకన్నా తేలిక: మండలి రిజిస్టరును తెలుగులో, ఫోనులో పేరు కొట్టి వెతుక్కునేలా పెట్టడం, క్లినిక్ బోర్డు మీద నంబరు తప్పనిసరి చెయ్యడం. బొగ్గుగనులు నడిపే సింగరేణి దేనికీ ఆగనక్కర లేదు. తన ఆసుపత్రుల్లో, మెడికల్ బోర్డు ముందుకు వచ్చే ప్రతి నడుము కేసుకు ముందు ఏ వైద్యం జరిగింది, ఎవరు చేశారు అన్న రెండు గళ్లు దరఖాస్తులో చేర్చితే, రెండేళ్లలో ఈ ప్రాంతానికి ఇప్పటిదాకా లేని లెక్క చేతికొస్తుంది. శాసనసభలో ఈ విషయం మాట్లాడదలచిన రామగుండం, మంచిర్యాల ప్రతినిధులకు ఆ లెక్క, వినతిపత్రాల కట్ట కంటే ఎక్కువ పనికొస్తుంది.